పేరు కొట్టేయకుండా

జూన్ 4

పిన్నీ,

ముందు కూర్చో. చేతిలో సూది ఉంటే పక్కన పెట్టు. నాకు సీటొచ్చింది.

ముప్పై ఎనిమిదేళ్లకు సీటేమిటే, బస్సులోనా అంటావని తెలుసు. బస్సులో సీటుకేం కొదవ, నడిపేది మీ అల్లుడేగా. ఇది యూనివర్సిటీలో. కంటిచూపు పరీక్ష చేసే కోర్సు, నాలుగేళ్లు. పంతొమ్మిదేళ్లుగా ఈ కళ్లద్దాల దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీస్తూ కూర్చున్నాను. ముందుగదిలో ఎవరో కళ్లు చూస్తారు, చీటీ మీద అంకెలు రాస్తారు, ఆ అంకెల ప్రకారం నేను సాన పడతాను. ఆ కళ్లు ఎవరివో కూడా నాకు తెలియదు. మొన్న చలికాలంలో మా డాక్టరమ్మ చీటీలో కుడి అంకెలు ఎడమకు, ఎడమవి కుడికి రాసేసింది. నేను పట్టుకున్నాను. తిడుతుందనుకుంటే, "నువ్వు వెనకగదిలో ఏం చేస్తున్నావమ్మా ఇన్నేళ్లుగా?" అంది. ఆ మాట పట్టుకుని దరఖాస్తు పెట్టాను.

ఫీజు మా వల్ల అయ్యేది కాదు. ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి రుణం ఉంది. ఇదివరకు చదివి మానేసినవాళ్లకు అందులో ఒక లెక్క. కోర్సు ఎన్నేళ్లో దానికి ఒక ఏడాది కలుపుతారు, మనం ఇదివరకు యూనివర్సిటీలో గడిపిన ఏళ్లు తీసేస్తారు, మిగిలినన్ని ఏళ్లకే ఇస్తారు. నాలుగూ ఒకటీ ఐదు. నాన్న మంచాన పడకముందు మీ ఊళ్లో నేను చదివిన ఒక్క ఏడాదీ తీసేస్తే నాలుగు. నువ్వు కొలత తీసి కుట్టినట్టు సరిగ్గా సరిపోయింది.

ఫోన్ చేద్దామనుకున్నాను. పోయినసారి 'మాత్ర వేసుకున్నాను' అంటే 'ఎవర్ని చేసుకున్నావు?' అని అడిగావు. అందుకే ఉత్తరం. నీ చెవులు ఎలా ఉన్నాయి?

నీ పిట్ట

జూన్ 13

మా పిట్టకు,

ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి అద్దాలు లేకుండా, ఒకసారి పెట్టుకుని, మూడోసారి ఎదుటి గదిలో చెప్పులు కుట్టే ఆయనకు గట్టిగా చదివి వినిపించాను. ఆయనకూ చెవుడే. వీధంతా విన్నది. పొద్దుటినుంచి ఎవరు మెట్లెక్కినా "సీటొచ్చిందటగా" అంటున్నారు. ఏడ్చానని రాయను. మీ అమ్మ పోయిన రోజు నిన్ను ఒళ్లో వేసుకున్నప్పటినుంచి నీ విషయంలో నేను సంతోషానికి ఏడవడం ఇదే మొదటిసారి.

నాకు చేతినిండా పనే. స్నాతకోత్సవానికి నాలుగు వందల నల్ల గౌనులు కుట్టాలి. ఇరవై రెండేళ్లుగా యూనివర్సిటీవాళ్లకు నేనే కుడుతున్నా, ప్రతి ఏడూ కొత్తగా వచ్చినవాడెవడో వచ్చి గౌను పొడవు ఎంతుండాలో నాకు చెబుతాడు. నిన్న ఒక పెద్దాయన వచ్చాడు. పదకొండేళ్ల కిందట కోటు కుట్టడానికిచ్చి పట్టుకుపోవడం మరిచాడు. "ఉందా?" అన్నాడు అనుమానంగా. నా సంగతి నీకు తెలుసుగా. ఎవరు వదిలేసి వెళ్లిన బట్టయినా చీటీ కుట్టి దాస్తాను తప్ప పారెయ్యను. మనిషి ఆలస్యం కావచ్చుగానీ రాకపోడు. చీటీ చూసి తీసిచ్చాను. పొట్ట దగ్గర పట్టలేదు, అది నా తప్పు కాదు.

ఒక్క మాట. ఆ కాగితాల్లో ఒక్క ఏడాదే చదివానని రాయకు, చులకనగా చూస్తారు. మూడేళ్లు చదివానని ధీమాగా రాయి. చదువంటే శ్రద్ధ ఉన్న మనిషని తెలుస్తుంది, అడక్కుండానే ఇస్తారు.

కొత్త అద్దాలకు నంబరు రాయించుకున్నాను. చీటీ ఇందులో పెట్టాను. ఇప్పుడున్నవాటితో నల్ల బట్టమీద నల్ల దారం కనబడటం లేదు. తీరిక చూసుకుని చేసి పంపు. అల్లుడుగారిని నిదానంగా నడపమను.

మీ పిన్ని

జూన్ 24

పిన్నీ,

నీ సలహా చదివి నేనూ ఆయనా పడి పడి నవ్వాం. రుణమిచ్చేవాళ్లు మంచి అల్లుణ్ణి వెతుక్కోవడం లేదు పిన్నీ. ఎక్కువ చదివితే తక్కువిస్తారు! మూడేళ్లని రాశానంటే నా కోర్సులో చివరి రెండేళ్లకే ఇస్తారు, మొదటి రెండేళ్లూ నేనే కట్టుకోవాలి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఇక్కడ చదవేస్తే ఉన్న అప్పు పోతుంది.

ఒక్క ఏడాదని నిజమే రాసి పంపేశాను. ఇక వాళ్లే మీ ఊరి యూనివర్సిటీకి రాసి సరిచూసుకుంటారట. మా యజమానికి కూడా చెప్పేశాను. సెప్టెంబరునుంచి నాకు సగం పూటే పని. మిగతా సగానికి ఒకమ్మాయిని చూశాడు, ఆ అమ్మాయికి నేనే పని నేర్పుతున్నాను. మొదటి రోజే ఎనిమిది అద్దాలు పగలగొట్టింది. నేను మొదటి రోజు పన్నెండు పగలగొట్టాను కాబట్టి ఏమీ అనలేదు.

భయంగా కూడా ఉంది పిన్నీ. పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చుని నోట్సు రాసుకోవాలి. కానీ పొద్దున లేవగానే ఇది గుర్తొచ్చి కడుపు చల్లగా అవుతోంది. ఇంత ఇష్టంగా దేన్నీ కోరుకుని చాలా ఏళ్లయింది.

నీ పిట్ట

జూలై 2

పిట్టా,

గౌనుల పని సాగుతోంది. గుండీ కాజాలు చేసే మిషన్ మొరాయించింది, చేత్తోనే కుడుతున్నాను. ఇక్కడ వానలు.

కింది వాటా ఆవిడ కూతురిది కూడా నీలాంటి వ్యవహారమేనట. ఆవిడ అడగమంది. ఏడాది అంటే ఏమిటి? నిజంగా వెళ్లి కూర్చుని చదివిందా, లేక రిజిస్టరులో పేరుంటే చాలా? ఒక్కరోజు కూడా వెళ్లలేదనుకో, పరీక్ష రాయలేదనుకో, అప్పుడు కూడా లెక్కేనా? ఊరికే అడిగింది. తొందరగా రాయి.

పిన్ని

జూలై 15

పిన్నీ,

నా నెత్తిన బండ పడింది.

రుణం ఆఫీసునుంచి కాగితం వచ్చింది. నేను మూడేళ్లు చదివానట. మొదటి ఏడు సరే. ఆ తర్వాత ఇంకో రెండేళ్లు కూడా నా పేరు నమోదై ఉందట. ఆ రెండేళ్లూ నేను ఈ ఊళ్లో, ఈ వెనకగదిలో, ఈ మిషన్ ముందున్నాను! కాగితం పట్టుకుని పరుగెత్తాను. కౌంటర్‌లో ఉన్నాయన మర్యాదస్తుడే, అదే ఇంకా మంట.

"నేనసలు వెళ్లలేదండీ" అన్నాను.

"వెళ్లారా లేదా అని మేం చూడమండీ. పేరుందా లేదా అనే."

"మా నాన్నకు జబ్బు చేసి మానేశానండీ."

"జబ్బు వల్ల మానేస్తే ఒక ఏడాది మాఫీ ఉంది. కానీ మీరు మానెయ్యలేదుగా. ఆ తర్వాత రెండేళ్లు చదివినట్టుందిగా."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. వాళ్ల లెక్కలో నాకిక చివరి రెండేళ్లే. మొదటి రెండేళ్ల ఫీజు మేమిద్దరం తిండి మానేసినా కట్టలేం.

ఫారాల నకళ్లు చూపించమన్నాను. రెండు ఫారాలు, రెండింటిమీదా నా సంతకం. నా సంతకంలాగే ఉంది పిన్నీ. కానీ నాది కాదు. నా సంతకం చివర గీత పైకి లేస్తుంది, ఉడత తోక ఎత్తినట్టుందే అని నువ్వే వెక్కిరించేదానివి. వీటిలో తోక కిందికి పడుకుంది.

ఒకటే దారి చెప్పాడు. సంతకం నాది కాకపోతే, పెట్టినవాళ్లమీద పోలీసులకు ఫిర్యాదిచ్చి, ఆ రసీదు ఆగస్టు ఇరవైలోగా తెస్తే ఆ రెండేళ్లు కొట్టేస్తారు. నాకు అనుమానం అంతా ఆ రోజుల్లో రిజిస్ట్రేషన్ కిటికీలో కూర్చునే గుమాస్తామీదే. సీట్లు ఖాళీ చూపించకుండా ఇలా రాసుకుని ఉంటాడు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? వాడి చెయ్యి పడిపోను! నువ్వు అక్కడికి గౌనులు తీసుకెళ్తావుగా. వాడున్నాడేమో, పేరేమిటో కనుక్కుని వెంటనే రాయి. నీ మీదే ఆశ.

కింది వాటా ఆవిడకు చెప్పు, ఒక్కరోజు వెళ్లకపోయినా పేరుంటే ఏడాదే.

నీ పిట్ట

జూలై 24

తల్లీ,

ఆ గుమాస్తా పోయి ఆరేళ్లయింది. మంచివాడు. ఎవరి చిల్లిగవ్వా ముట్టుకునే మనిషి కాదు. పోయినవాళ్లమీద నింద వెయ్యకూడదు.

పాత సంగతులు కదా. మీ నాన్న పోయిన ఏడు నీకు ఒళ్లు తెలియలేదు. ఏదో హడావుడిలో నువ్వే సంతకం పెట్టి మరిచిపోయావేమో, గుర్తు తెచ్చుకో. పోలీసులూ ఫిర్యాదులూ మనకెందుకు? ఆఫీసులో ఇంకా పైవాళ్లు ఎవరైనా ఉంటారు, బతిమాలి చూడు. కుదరకపోతే మరో దారి దొరుకుతుంది. చేతిలో పని ఉంది, నీడపట్టున ఉన్నావు.

గౌనులు కుట్టాలి, ఇక్కడితో ఆపుతాను.

పిన్ని

ఆగస్టు 1

పిన్నీ,

నీ ఉత్తరం అందింది.

గుమాస్తా పేరు కనుక్కోమంటే ఆయన మంచితనం రాసి పంపావు. నేను పెట్టని సంతకం నేనే పెట్టి మరిచిపోయానన్నావు. చేతిలో పని ఉందిగా అన్నావు. ఆ మాట బయటివాళ్లు ఎవరన్నా పడేదాన్ని.

ఒకటి రాస్తున్నాను, ఏమీ అనుకోకు. అనుకున్నా సరే. అప్పుడు నేను చదువు మానేసి బండెక్కుతుంటే నువ్వు ఒక్క మాట అనలేదు. ఉండవే, ఏదో చేద్దాం అని నువ్వొక్కదానివైనా అంటావని స్టేషన్‌దాకా చూశాను. నువ్వు సంచీ అందించి జాగ్రత్త అన్నావు. నేను చదివినా చదవకపోయినా నీకు ఒకటేనని అప్పుడే అనుకున్నాను. ఈ పంతొమ్మిదేళ్లలో మరిచిపోయానుగానీ, నీ ఉత్తరం చదివాక మళ్లీ అదే అనిపించింది.

సోమవారం వెళ్లి, పేరు తెలియని మనిషిమీదే ఫిర్యాదిస్తాను. వాళ్లే వెతికి పట్టుకుంటారు.

ఇట్లు

ఆగస్టు 7
రిజిస్టరు పోస్టులో

నా తల్లికి,

ఫిర్యాదు ఇచ్చావో లేదో తెలియదు. ఇచ్చి ఉంటే ఇందులో పేరు తెలుస్తుంది. ఇవ్వకపోతే ఇది పట్టుకుని వెళ్లి ఇవ్వు. ఆ సంతకాలు నేను పెట్టాను.

నువ్వు వెళ్లిపోయిన రెండు నెలలకు రెండో ఏడాది ఫారం మా ఇంటికొచ్చింది. నీ చిరునామా ఇదే కదా. గడువులోగా పంపకపోతే పేరు కొట్టేస్తాం అని అడుగున ఎర్ర అక్షరాలు. పేరు కొట్టేస్తారన్న మాట నాకు మింగుడు పడలేదు. ఎవడో కోటు మరిచిపోతేనే చీటీ కుట్టి దాచేదాన్ని, నీ చదువును ఎలా పారేస్తాను? నీకు రాద్దామంటే, అప్పట్లో చదువు మాటెత్తితే నువ్వు భోంచేయడం మానేసేదానివి. పాత పుస్తకాల్లో నీ సంతకం చూసి రెండు రోజులు పాత కాగితాల వెనకవైపు దిద్దాను. ఎంత దిద్దినా తోక లేవలేదు. ఆ ఏడాది గౌనుల కూలి ఫీజు కింద పట్టుకోమన్నాను. ఆ గుమాస్తా నన్ను నమ్మాడు, అంతే. మరుసటేడు మళ్లీ అలాగే. మూడో ఏడయ్యాక ఇక ఫారం రాలేదు. కోర్సు మూడేళ్లదేనని, ఆ తర్వాత పేరు దానంతటదే పోతుందని అప్పుడు తెలిసింది. నువ్వు తిరిగొస్తే నీ చోటు నీకుంటుందనుకున్నాను. నువ్వు తిరిగొచ్చేసరికి ఆ చోటే నీకు అడ్డం పడింది. కంచే చేను మేసిందన్నావుగా. ఆ కంచె నేనే.

నేను మూడేళ్లని రాయమంటే మీరిద్దరూ నవ్వారటగా. నేను నవ్వులాటకు రాయలేదు. రికార్డులో ఎలాగూ మూడేళ్లుంటాయి, అది నీకు మంచిదే అనుకున్నాను. నీ జవాబు వచ్చాకే అది నీకు చెరుపని తెలిసింది. కింది వాటా ఆవిడకు కూతురే లేదు.

స్టేషన్‌లో నేను నోరెత్తలేదన్నావు. ఎత్తితే నిన్ను పోనిచ్చేదాన్ని కాదు. నువ్వు పోకపోతే మీ నాన్నకు మందులుండేవి కావు. అంతే తల్లీ, ఇంకేం లేదు.

నిన్న యూనివర్సిటీకి వెళ్లి నేనే ఒప్పుకుందామనుకున్నాను. కిటికీలో చిన్నపిల్ల. నాకు వినబడదని కాగితంమీద రాసి చూపించింది. "ఫిర్యాదు ఆవిడ ఇవ్వాలి. మీ మీద మీరే ఎలా ఇచ్చుకుంటారు మామ్మగారూ?" అని. ఇలాంటివి బయటపడితే కేసవుతుందని, గౌనుల పని నాకిక ఇవ్వరని కూడా రాసింది. రాస్తూ తనే కళ్లు తుడుచుకుంది, నేను ఓదార్చాల్సి వచ్చింది.

అన్నీ ఒప్పుకుంటూ రాసిన కాగితం ఇందులో ఉంది. సాక్షిగా చెప్పులు కుట్టే ఆయన సంతకం చేశాడు. ఇరవైలోగా వెళ్లు. నా సంగతి చూడకు. గౌనులు పోతే ప్యాంటు అంచులు మడిచి కుట్టుకుంటాను. జైలంటే అక్కడా కుట్టుమిషన్లు ఉంటాయట.

లోపలి గదిలో గోడకు ఒక నల్ల గౌను ఉంది. నీ పద్దెనిమిదేళ్ల కొలతలకు కుట్టింది. చీటీమీద నీ పేరుంది. ఎప్పుడిచ్చేదీ రాసేచోట మాత్రం ఖాళీ వదిలాను.

వెళ్లు తల్లీ. నా మీద ఒట్టు.

పిన్ని

ఆగస్టు 26

పిన్నీ,

నీ రిజిస్టరు ఉత్తరం ఇరవై రెండున అందింది. మా దగ్గర పోస్టువాళ్లు పదిరోజులు పని మానేశారు, ఉత్తరాలన్నీ గుట్టలు పడ్డాయి. అప్పటికి గడువు దాటిపోయింది. ఆఫీసుకు వెళ్లి అడిగాను కూడా. రెండు రోజులేగా అని బతిమాలాను, కుదరదన్నారు. నేను ఇవ్వబోయిన ఫిర్యాదు కూడా పేరు లేదని తీసుకోలేదు. కాబట్టి ఎవరి చేతుల్లోనూ ఏమీ లేకుండా పోయింది. నీ చేతుల్లోనూ లేదు, నా చేతుల్లోనూ లేదు. ఇంక దాని గురించి కుమిలిపోవద్దు.

నీ ఉత్తరం చదివినప్పుడు కోపం రాలేదంటే అబద్ధం. వరసగా మూడు అద్దాలు పగలగొట్టాను. మా కొత్తమ్మాయి నన్ను ఓదార్చింది. తర్వాత నువ్వు రెండు రోజులు కూర్చుని పాత కాగితాల వెనక నా సంతకం దిద్దడం కళ్లకు కట్టింది. నాలుగో తరగతి దాటని మనిషివి. అక్కడితో కోపం ఎటు పోయిందో పోయింది. ఆ ముందు ఉత్తరంలో నేను రాసిన మాటలున్నాయే, అవి చింపెయ్యి. నీకు ఒకటేనని రాసిన చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపించింది.

సీటు వదులుకున్నాను. ఏడాదిపాటు అలాగే ఉంచరట. యజమాని మళ్లీ పూర్తి రోజు పనిచ్చాడు, డాక్టరమ్మ రెండు రోజులు నా వైపు చూడలేదు. మీ అల్లుడు మాత్రం తన బస్సులో సీటు ఎప్పుడూ ఖాళీయే అన్నాడు. నవ్వాను. బాగానే ఉన్నాను. సాయంత్రాలు కొంచెం కష్టంగా ఉంటోంది, అంతే.

గౌనులు ఆపకు. ఆ కాగితాన్ని పొయ్యిలో వేశాను, నీ దగ్గర నకలుంటే నువ్వూ వెయ్యి. ఆ కిటికీలో పిల్ల దగ్గరికి మళ్లీ వెళ్లకు.

నీ అద్దాలు వేరే పార్సిల్‌లో పంపుతున్నాను. ముందుగదివాళ్లను ముట్టుకోనివ్వలేదు, మొదటినుంచి చివరిదాకా నేనే చేశాను. ఈ కళ్లు ఎవరివో నాకు తెలుసుగా.

నీ పిట్ట

సెప్టెంబరు 4

పిట్టా,

అద్దాలు నిన్న అందాయి. పెట్టుకుని మొదట నల్ల బట్టమీద నల్ల దారం చూశాను. పోగు పోగూ కనబడింది. అంత బాగా చేశావు. తర్వాత మిషన్ సొరుగు సర్దాను. ఇన్నాళ్లూ చిన్న అక్షరాలు కనబడక పడేసిన కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి.

రిజిస్టరు పోస్టు అందితే, అందుకున్నవాళ్లు సంతకం పెట్టిన కార్డు పంపినవాళ్లకు తిరిగొస్తుంది. నీకు గుర్తులేదనుకుంటా. అది ఎప్పుడొచ్చిందో నాకు గుర్తులేదు. ముద్ర అలికినట్టుంటే, అందింది, అదే చాలనుకుని సొరుగులో వేశాను. నిన్న తీసి చూశాను. ఉడత తోక ఎత్తే ఉంది. ఆ సంతకం నీదేనని చెప్పడానికి నన్ను మించిన సాక్షి లేదు. పక్కనే నీ చేత్తో తేదీ వేశావు. ఆగస్టు పదకొండు.

అప్పటికి గడువు ఇంకా తొమ్మిది రోజులుంది తల్లీ. ఆ తొమ్మిది రోజులూ నా కాగితాన్ని పక్కన పెట్టుకుని పనికి వెళ్లొచ్చావన్నమాట. పోస్టువాళ్లమీద నింద వేశావు పాపం.

తిట్టాలని కూర్చున్నాను. ఏమని తిట్టను? నీకు చెప్పకుండా నీ మంచి చూడాలనుకున్నది ముందు నేనే. ఆ విద్య నా దగ్గరే నేర్చుకున్నట్టున్నావు. ఇప్పుడు గడువూ లేదు, సీటూ లేదు, నేను చేయగలిగింది ఏమీ లేదు. ఇవాళ గౌనులు అప్పగించాలి, నాలుగు వందలూ మడతపెట్టాను. నీది గోడకే ఉంది. చీటీ విప్పలేదు.

అద్దాలు బాగా కుదిరాయి. అన్నీ కనబడుతున్నాయి.

పిన్ని